కడగని డ్రమ్ములు

రంగుల దుకాణం షావుకారు దేన్నీ ఊరికే పారేసే మనిషి కాదు. చిరిగిన గోనెసంచిక్కూడా వెల కడతాడు. వెలకట్టనిది ఒక్కటే, తన రంగుల మర్మం. ఎరుపెంత, నీలమెంత కలిపాడో సొంత గుర్తుల్లో చీటీ మీద రాసి డ్రమ్ముకి అంటించి, నకలొకటి తన దగ్గరుంచుకుంటాడు. అదే రంగు మళ్లీ కావాలంటే ఆ నకలు చూసి కలుపుతాడు. ముప్పై ఏళ్లుగా ఆ గుర్తులు పెళ్లానిక్కూడా చెప్పలేదు.

కంప్యూటర్ల పని చేసే కోడలికి అది నవ్వులాటగా ఉంది.

"నాలుగొందల చీటీలివ్వండి మావయ్యా. పక్కన ఆ రంగు చుక్క పెట్టండి చాలు. గుర్తుల అర్థం చెప్పొద్దు."

మధ్యాహ్నానికల్లా ఆమె యంత్రం, అంతకుముందు చూడని వంద చీటీల్లో తొంభై ఆరింటి రంగు చెప్పేసింది. షావుకారు చీటీలన్నీ గబగబా పోగేసుకున్నాడు.

"ఎప్పుడూ అదే గుర్తుకి అదే అర్థమైతే ఎట్లా? చూడగా చూడగా దొరికిపోదూ!" అంది కోడలు.

ఆమె ఇంకో పద్ధతి కట్టింది. ఇనప్పెట్టెలో దాచే ఒక పెద్ద అంకెను బట్టి, చీటీ చీటీకీ గుర్తులు మారిపోతాయి. ఈసారి యంత్రానికి వేల చీటీలు చూపించింది. ఎరుపెక్కువా, నీలమెక్కువా అనడిగితే వందకి యాభయ్యే ఒప్పు. బొమ్మా బొరుసూ వేసినట్టే.

"ఎన్ని నమూనాలు చూసినా నేర్చుకోలేకపోవాలి. తాళమంటే అదీ. దీన్ని నేర్చే యంత్రమొస్తే, ఇలాంటి అంకెలతోనే వేసే బ్యాంకుల తాళాలూ ఊడినట్టే."

"వస్తుందంటావా?"

"ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. కాదని రుజువూ లేదు."

"బాగా ధైర్యం చెప్పావమ్మా!" అన్నాడు షావుకారు, చెమట తుడుచుకుంటూ.

అప్పుడే పాత సామాన్ల బండి వాకిట్లో ఆగింది.

"అన్నా, ఖాళీ డ్రమ్ములున్నాయా? ఎప్పట్లాగే కడక్కండి, చీటీలు పీక్కండి. అడుగున కాస్త రంగుంటేనే ఎదురు రంగుల దుకాణమాయన ఒకటికి ఒకటిన్నర ఇస్తున్నాడు."

మురికికి డబ్బిచ్చే వెర్రివాడెవడా అని పోయిన నెలే నవ్వుకున్నాడు షావుకారు. చీటీ, దాని పక్కన రంగు. తన చేత్తోనే అమ్మాడు.

"ఇప్పటికెన్ని పట్టుకెళ్లావు?"

"ఆరొందలు దాటాయన్నా."

కోడలడిగింది నాలుగొందలే. ఆమె మొహంలో నవ్వు లేదు.

షావుకారు పెరట్లోకి పరిగెత్తి, మిగిలిన పదకొండు డ్రమ్ముల చీటీలూ గోళ్లతో గీకి, గొట్టం పెట్టి కడగసాగాడు. ఎర్రనీళ్లు కాల్వలోకి పోతున్నాయి. అమ్మకుండా పారబోయడం అతనికిదే మొదలు.