పదకొండు మంది మాట మార్చారు

వ్యాను కాలవలో తలకిందులుగా పడి ఉంది. అంబులెన్సు కన్నా ముందు మేస్త్రీ స్తోయిల్ వచ్చాడు.

గట్టు మీద పడుకోబెట్టిన నెవెన కుడిచెయ్యి నుజ్జునుజ్జయింది. వాడు ఆమె వైపు చూడలేదు. నీళ్లలోకి దిగి, స్టీరింగు దగ్గరే చచ్చిపోయి ఉన్న డ్రైవరు యాంకో పక్క అరలోంచి కాగితాలన్నీ లాగి చొక్కాలో దోపుకున్నాడు. ఆ తర్వాతే వణుకుతున్న కూలీల దగ్గరికి వచ్చాడు.

"నేర్పిన మాటే చెప్పండి. ఇంకోటి నోట్లోంచి వచ్చిందా, రేపు పనీ ఉండదు, పడుకోడానికి గూడూ ఉండదు."

ఆ మాట రుమ్యానకు అందరికంటే బాగా వచ్చు. బల్గేరియా నుంచి ఇంగ్లండులోని ఈ క్యాబేజీ పొలాలకు వచ్చి తొమ్మిదేళ్లయినా, ఆమె నేర్చిన ఇంగ్లీషంతా అదే: "మేమంతా స్నేహితులం, ఈ బండి అందరం కలిసి కొనుక్కున్నాం." స్తోయిల్‌కి కూలీలను తెచ్చి పనికి పెట్టే లైసెన్సు లేదు. దారిలో పోలీసులు ఆపితే అలా చెప్పాలి. కొత్తవాళ్లను తాముండే చక్రాల గది, అదే కారవాన్‌లో కూర్చోబెట్టి వల్లె వేయించేది రుమ్యానే. తమ్ముడి కూతురు నెవెనకూ ఆమే నేర్పింది.

పోలీసు అడిగాడు. నెవెన రక్తం వేళ్ల మీద ఆరకముందే రుమ్యాన ఆ మాట అప్పజెప్పింది. వెనక పదిమందీ అదే అప్పజెప్పారు.

యాంకో శవపేటిక సొంతూరికి బయల్దేరిన రోజున వీడ్కోలుకు గంట సెలవు కూడా దొరకలేదు. ఎవరి వరసలో వాళ్లు ఒక్క నిమిషం కత్తి ఆపారు, అంతే. నెవెన చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆమెకు ముప్పై రెండేళ్లు. రెండు నెలలైనా గాయం మానక మళ్లీ ఆస్పత్రిలో చేరింది.

ఆ ఆదివారం చర్చి హాల్లో అందరూ నార్మన్ చుట్టూ కూర్చున్నారు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, పాత యూనియన్ మనిషి. ఆయన మాటలను బల్గేరియా కోడలు వాళ్ల భాషలో చెప్పింది. బండికి ఇన్సూరెన్సు లేదు. స్తోయిల్ మీద దావా వేద్దామంటే వాడి పేరున గడ్డిపరక కూడా లేదు, బండి యాంకో పేరున ఉంది. పొలం యజమానిని అడిగితే కూలీల సంగతి మేస్త్రీకే తెలుసంటాడు. మిగిలింది ఒక్కటే దారి. ఇన్సూరెన్సు లేని బండ్ల వల్ల దెబ్బతిన్నవాళ్ల కోసం కంపెనీలన్నీ కలిసి నడిపే నిధి ఒకటి ఉంది. నార్మన్ నెవెన తరఫున అర్జీ పెట్టాడు, జవాబూ వచ్చింది. ఇవ్వరట. ఇన్సూరెన్సు లేదని తెలిసీ ఎక్కినవాళ్లకు ఏమీ రాదట. బండి సొంతదారుల్లో ఒకరైన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుందని అడిగారు. సాక్ష్యంగా గట్టు మీద పదకొండు మంది చెప్పిన మాట జతచేశారు.

పొలం యజమానిది, కూలీలు మేస్త్రీవాళ్లు, బండి చచ్చినవాడిది. తెగిన చెయ్యి మాత్రం ఎవరిదీ కాదు.

రుమ్యాన లేచి నిలబడింది. పోలీసుల దగ్గరికి వెళ్లి ఆ మాట అబద్ధమని రాయించి వద్దామంది. హాలంతా గోలెత్తింది. పోలీసులకు అబద్ధం చెప్పినందుకు మనల్నే లోపలేస్తారని ఒకరు, స్తోయిల్ కారవాన్లు ఖాళీ చేయిస్తాడని ఇంకొకరు.

"అత్తవి కాబట్టి నీకు నొప్పి. మాకు పిల్లలున్నారు," అన్నాడు గెంచో.

"రేపు నీ చెయ్యి పోతే నీ గురించీ ఇదే మాట చెబుతాం గెంచో. అప్పుడూ నీకు పిల్లలుంటారు."

గెంచో తన చేతులకేసి చూసుకున్నాడు.

సోమవారం తెల్లారుతుండగా స్తోయిల్ ఇంకో వ్యాను తెచ్చాడు. ఎవరూ ఎక్కలేదు. వాడు రుమ్యాన దగ్గరికి వచ్చి గొంతు మెత్తగా చేశాడు.

"ఎందుకక్కా ఈ గొడవంతా? ఆ పిల్లకి టిక్కెట్టు నేను కొంటా. ఇంటికి పంపించేద్దాం."

"యాంకోని పంపినట్టా?"

పదకొండు మంది కాలవ గట్టు వెంట రెండు గంటలు నడిచి పట్నం చేరారు. నార్మన్ కోడలు స్టేషను దగ్గర కలిసింది. ముందు చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటే కేసవుతుందని అధికారి హెచ్చరించాడు. రుమ్యాన కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"రాసుకోండి. బండి మాది కాదు. ఇన్సూరెన్సు ఉందో లేదో మాలో ఎవరికీ తెలీదు. ఈ పదిమందికీ ఆ అబద్ధం నేర్పింది నేను. నాకు నేర్పింది స్తోయిల్."

ఆమెను లోపలికి తీసుకుపోయారు. ఇక మిగతావాళ్లు జారుకుంటారని అధికారి అనుకున్నాడేమో, కలం మూతపెట్టాడు. గెంచో బల్ల దగ్గరికి జరిగి, తనది కూడా రాసుకోమన్నాడు. చీకటి పడేదాకా రాస్తూనే ఉన్నారు.

ఆలోగా కారవాన్లకు తాళాలు పడ్డాయి. దుప్పట్లు, గిన్నెలు, యాంకో ఫోటో వానలో పడి ఉన్నాయి. పక్క ముఠాల కూలీలు వచ్చి వాటిని తమ కారవాన్లలోకి మోసుకుపోయారు. మర్నాడు వాళ్ల కోసం వచ్చిన బండ్లు కూడా ఖాళీగానే వెనక్కి వెళ్లాయి.

రెండోరోజు సాయంత్రం రుమ్యానకు కోర్టు తారీకు ఇచ్చి వదిలారు. ఆమె నేరుగా ఆస్పత్రికి వెళ్లింది. నిధివాళ్లు అర్జీ మళ్లీ చూస్తామన్నారని, నెలలు పడుతుందని స్టేషను బయట నార్మన్ కోడలు చెప్పింది. స్తోయిల్ ఇంకా బయటే తిరుగుతున్నాడు. రుమ్యాన ఇవన్నీ నెవెనకు చెప్పి, ఆ వాక్యం నీకు నేర్పింది నేనే కదే అంది.

"ఇవాళ పొలంలో ఎవరున్నారత్తా?"

"ఎవరూ లేరు."

"మరి క్యాబేజీ?"

"వానకి పగిలిపోతోంది."

నెవెన లేచి కూర్చుంది. ఎడమచేత్తో దుప్పటి పక్కకు తోసి, తనూ మిగతావాళ్ల దగ్గరికి వస్తానని, మంచం కింద బూట్లున్నాయేమో చూడమంది.