తేనె సీసాలో చెక్క చెంచా

చెల్లెలి పెదాలు ఉబ్బిపోయి, ఇంకెవరివో తెచ్చి మొహానికి అతికించినట్టున్నాయి. తేనెక్క ఆమె తలను ఒళ్లో పెట్టుకుని వ్యాను వెనక కూర్చుంది. చుట్టూ ఖాళీ తేనెటీగల పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ప్రతి కుదుపుకీ చెల్లెలి గొంతులోంచి పిల్లికూత వస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ తేనెక్క గుండె దిటవుగానే ఉంది. సందు మలుపు తిరిగాక ఆ కూత ఆగిపోయింది.

"ఏవండీ, తొందరగా పోనివ్వండి."

"ఇది వ్యానే, విమానం కాదు," అన్నాడు భర్త. అంటూనే హారన్ మీంచి చెయ్యి తీయకుండా ఎర్ర దీపం దాటించేశాడు.

ముందు సీట్లోంచి అమ్మ మెడ తిప్పి చూసింది. "ఈగ కుట్టిందేమో చూడవే. ముల్లుంటే గోటితో గీకెయ్."

"ఒళ్లంతా చూశానమ్మా. ఎక్కడా కుట్టలేదు."

సరిగ్గా అప్పుడే తేనెక్క ఫోను మోగింది. టీచరమ్మ. నిన్న సంతలో ఒక సీసా పట్టుకెళ్లిన మనిషి. కొడుక్కి ఆయాసమట. తేనెక్క ఫోను నొక్కేసి పక్కన పడేసింది. అది మళ్లీ మోగింది.

సంతలో కొనేవాళ్లు పెట్టిన పేరే తేనెక్క. తేనె కంటే ఆమె దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయేది మరొకటి ఉంది. రాణి ఈగ కాబోయే పిల్లపురుగు కోసం ఈగలు మైనపు గూళ్లలో నింపే తెల్లటి మేత. సీసా మీద రాయల్ జెల్లీ అని ఉంటుంది. ఇంట్లో మాత్రం రాణిపాలు అంటారు. నీరసానికి రాణిపాలు, నిద్రకు రాణిపాలు, మొహం మీద ముడతలకూ రాణిపాలే. అడిగినవాడి జబ్బును బట్టి తేనెక్క నోట్లో మందు మారేది.

ఆసుపత్రిలో చెల్లెల్ని స్ట్రెచర్ మీదికి ఎక్కించడం, తొడకు సూది పొడవడం, తెర లాగేయడం రెప్పపాటులో అయిపోయాయి. ముగ్గురూ వరండాలో మిగిలారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఊపిరి అందుతోంది. కానీ గండం గడిచిందని అనను. సూది పని తగ్గాక మళ్లీ రావచ్చు. ఒంటికి పడనిది ఏదో లోపలికెళ్లింది. అదేంటో నాకు తెలియాలి."

"పొద్దున రొట్టే కదండీ తింది," అంది అమ్మ.

"రొట్టెలో ఏముంది, దాంతో ఇంకేం తాగింది, అన్నీ కావాలి. తెలుసుకోకుండా ఇంటికి పంపితే అదే వంటింట్లోకి పంపినట్టు. ఈసారి మీకు వ్యాను ఎక్కించే టైము కూడా ఉండదు." ఆమె ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "పొద్దున తిన్నవీ తాగినవీ గిన్నెలతో సహా పట్రండి."

తెర మళ్లీ పడింది. తేనెక్క భర్త చొక్కా పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్లింది.

"రాణిపాలు పెట్టారా దానికి?"

"నేనా?"

"మొన్న మీరేగా అన్నారు. 'చిన్నదాని ఫొటో సీసా మీద వేద్దాం, ఆయాసం తగ్గిన అమ్మాయి అని రాద్దాం' అని. ఫొటో ముందా, మందు ముందా?"

"ఫొటో అన్నాను. మందు పెట్టాలని నేనన్నానా? అసలు నీ చెల్లెలికి ఆయాసం తగ్గిందని ఊరంతా టముకు వేసేది నువ్వు. బోర్డు రాయడమే నా వంతు." అతను చొక్కా విడిపించుకున్నాడు. "ఆ పాలు గూట్లోంచి తీయడం నాకు చేతకాదని నువ్వే కదా పదిమందిలో వెక్కిరిస్తావు. ఫ్రిజ్జులో రాణిపాల డబ్బా తాళం నీ మంగళసూత్రానికే వేలాడుతోంది. నేను చేతకానివాడినా, దొంగనా, ఏదో ఒకటి తేల్చు."

తేనెక్క చెయ్యి మెడలోకి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉంది. పొద్దున్నే డబ్బా తెరిచింది. సీసాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, సీళ్లు విప్పలేదు.

"ఇంటికెళ్లి డాక్టరమ్మ అడిగినవి పట్రండి," అంది గొంతు తగ్గించి. "మిమ్మల్ని తర్వాత అడుగుతాను."

"తర్వాత నేనూ అడుగుతాను," అని అతను మెట్లు దిగాడు.

బల్ల మీద అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చుట్టడం, విప్పడం. తేనెక్క పక్కన కూలబడింది. రాణిపాలు తీయడం నేర్పిన పెద్దాయన మాట ఆమె చెవిలో గింగిరాలు తిరుగుతోంది. 'ఉబ్బసం ఉన్నవాళ్ల జోలికి దీన్ని పోనివ్వకమ్మా. కొందరికి గొంతు మూసేస్తుంది.' అందుకే చెల్లెల్ని ఈగల తోట వైపే రానిచ్చేది కాదు. అందుకే ఒక్క చుక్క కూడా దాని నాలుక మీద వేయలేదు. ఆ మాట సీసా మీద మాత్రం వేయించలేదు. వేయిస్తే కొనేవాళ్లు సీసా కింద పెట్టేస్తారు.

ఫోను మళ్లీ మోగింది. టీచరమ్మే. నొక్కేసింది.

భర్త సంచీతో వచ్చాడు. బల్ల మీద ఒక్కొక్కటీ పెట్టాడు. సగం రొట్టె. వెన్న డబ్బా. తాగేసిన గ్లాసు, అడుగున నిమ్మగింజలు. వంటింటి తేనె సీసా, అందులో నిలబెట్టిన చెంచా.

తేనెక్క చూపు చెంచా మీద ఆగిపోయింది.

అది చెక్క చెంచా.

ఇంట్లో తేనెకి స్టీలు చెంచానే వాడతారు. చెక్కది తోట గదిలో, పాలు తీసే బల్ల మీద ఉంటుంది. రాణిపాల పులుపుకు లోహం తగలకూడదని ఆ పనిలో ఉన్నవాళ్లు చెక్క తప్ప ముట్టుకోరు. ముట్టుకోమన్నా వాళ్ల చెయ్యి పోదు. గూళ్లలోంచి పాలు తీసే చేతులు ఆ ఇంట్లో రెండు జతలే. ఒకటి తనది.

చెంచా తీసి నాలుక చివర తాకించుకుంది. తీపి. వెనకే చురుక్కుమనే పులుపు.

"అమ్మా."

అమ్మ వేలికి చుట్టిన కొంగు విప్పలేదు.

"ఫ్రిజ్జులోవి కాదు. గూట్లోంచే తీసి కలిపావు కదూ?"

"చిటికెడే," అంది అమ్మ. "మొన్నటినుంచీ నిమ్మరసం నీళ్లలో. నోరు దురదగా ఉందంది. నిమ్మకాయ పులుపు అన్నాను. రాత్రంతా దగ్గిందని ఇవాళ ఇంకాస్త వేశాను."

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"ఎందుకమ్మా? దాన్ని తోటలోకే రానివ్వను కదా నేను. నీకు ఎవరు చెప్పారు పెట్టమని?"

అమ్మ మొదటిసారి తలెత్తింది. ఆ కళ్లలో తప్పు చేసినదాని భయం లేదు. అర్థంకానితనం ఉంది.

"నువ్వే కదే. సంతలో పక్కనే కూర్చుని సీసాలు అందిస్తుంటాను కదా. 'మా సొంత చెల్లెలు, రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయేది, దీంతోనే తగ్గింది' అని ఎంతమందికి చెప్పావు? నాకు తెలియకుండా పెడుతున్నావనుకున్నాను. ఈమధ్య దానికి ఆయాసం ఎక్కువైతే, పని ఒత్తిడిలో మానేశావేమో అనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటావని నేనే అందుకున్నాను." తేనెక్క మొహంలోకి వంగి చూసింది. "నువ్వు పెట్టలేదా?"

భర్త నేల చూపులు చూశాడు.

బల్ల మీద ఫోను వణికింది. ఈసారి తేనెక్క తీసింది.

"టీచరుగారూ, బాబుకి పెట్టారా?"

"ఎక్కడండీ, చెంచాడా రెండు చెంచాలా అడుగుదామనే కదా పొద్దుటినుంచీ చేస్తున్నాను. పక్కన కూర్చోబెట్టుకున్నాను, నోరు తెరుచుకుని చూస్తున్నాడు."

"పెట్టకండి. మూత పెట్టేసి బయట పారేయండి. చెంచా కూడా."

"అదేంటి, మీ చెల్లెలికి తగ్గిందన్నారుగా?"

"అబద్ధం చెప్పానండీ. తను ఆసుపత్రిలో ఉంది. అది తాగడం వల్లే."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తేనెక్క ఫోను దించేసరికి తెర పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆమె వెనక మంచం మీద మాస్కు కింద చెల్లెలు కళ్లు తెరిచి ఇటే చూస్తోంది.

"ఏంటో తెలిసిందా?" అడిగింది డాక్టరమ్మ.

తేనెక్క సీసా ఆమె చేతిలో పెట్టింది. "రాయల్ జెల్లీ. తేనెలో కలిపి, నిమ్మరసంలో వేసి."

"ఉబ్బసం ఉన్న పిల్లకా? ఎవరు పెట్టారు?"

అమ్మ బల్ల పట్టుకుని లేవబోయింది. "నేనేనమ్మా, నా చేత్తోనే..."

తేనెక్క అమ్మ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. చెల్లెలి కళ్లలోకే చూస్తూ, తెర అవతలకి కూడా వినపడేలా అంది.

"అమ్మ నా మాట నమ్మిందండీ, అంతే. పెట్టింది నేను."