నా ఫోన్‌లో బాగానే ఉంది

"నా ఫోన్‌లో బాగానే ఉందిగా!" అన్నాడు నాగార్జున, తిన్న ప్లేటు సింకులో కాకుండా సింకు పక్కన పెడుతూ.

భార్య ఇంద్రాణికి ఈ మాట కొత్త కాదు. ఆ మహానుభావుడు లోకాన్నంతా తన ఫోనుతోనూ, తన నాలుకతోనూ కొలుస్తాడు. కూరలో కారం ఎక్కువై పిల్ల ఏడిస్తే నాకు బాగానే ఉంది అంటాడు. వంటింట్లో ఉడికిపోతున్నానంటే హాల్లో ఏసీ కింద కూర్చుని నాకు బాగానే ఉంది అంటాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో అతను పెట్టిన కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్‌కి తెలుగు ఫాంటు ఆమే తయారు చేసింది. మన్సూరాబాద్ ఇంట్లో పప్పు ఉడికేలోగా ఒక గుణింతం, బట్టలు ఆరేలోగా ఒక ఒత్తు, అలా ఏడాదిపాటు గీసుకున్న అక్షరాలవి. "ఖాళీయే కదా, ఏవో గీసుకుంటుంది" అని అత్తగారు చుట్టాలకు చెప్పేది. ఆవిడ తాగిన కాఫీ గ్లాసులు ఇంద్రాణి కడిగింది కూడా ఆ ఖాళీలోనే.

పాత ఫోన్లలో, కొన్ని బ్రౌజర్లలో ఆ ఫాంటు రావడం లేదని, ఇంకో రకం ఫైలు కూడా చేసి పెట్టాలని, రెండు రోజులు ఆగమని చెప్పింది. తన ఫోన్‌లో బాగానే ఉందని, ముహూర్తం దాటితే కొంపలు మునుగుతాయని అన్నాడు. తీరా ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి విశ్వేశ్వరరావుగారి ఫోన్‌లో ఆ అక్షరాలకు బదులు మామూలు అక్షరాలు వచ్చాయి. "మా ఆవిడ పనండీ. ఇంట్లో ఉండే మనిషి, ఇంతకన్నా ఏం చేస్తుంది?" అని నాగార్జున నవ్వాడు. పదిమందీ నవ్వారు. ఇంద్రాణి బిస్కెట్ల ట్రే పట్టుకుని నిలబడింది.

మర్నాడు కూర్చుని ఒక్కో బ్రౌజర్‌లో తెరిచి అన్నీ సరిచేసింది. ఏ ఫోన్‌లో చూసినా ఒకేలా, ముచ్చటగా ఉన్నాయి. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోగానే పేజీ అడుగున 'అక్షర రూపకల్పన: నాగార్జున' అని వెలిసింది.

"మేడం, గీసింది మీరు గద, సార్ పేరు ఎట్ల పెట్టిండు?" అంది రిసెప్షన్‌లో పనిచేసే సంతోషి. సొమ్మొకడిది, సోకొకడిది. అతన్నే అడిగితే, "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏముందే?" అన్నాడు. సెంటర్ బోర్డు మీద మాత్రం ఒక్క పేరే ఉంది.

ఇంద్రాణికి ఒళ్ళు మండింది. ఏడుపు మాత్రం రాలేదు. ఇలాంటి మనిషి కోసం ఇన్నేళ్ళూ ఏడ్చానా అని రోత పుట్టింది. ఆ ఫాంటు ఫైలు ఉన్నది ఆమె సొంత ఆన్‌లైన్ ఖాతాలో. నిదానంగా దాన్ని సెంటర్ పేజీ నుంచి తీసేసి, తన పేరుతో తన పేజీలో పెట్టుకుంది. ఒకసారి దిగిన ఫాంటును ఫోను కొన్నాళ్ళు దాచుకుంటుందని ఆమెకు తెలుసు. రోజంతా సెంటర్ పేజీ తనే చూసుకుని మురిసే మొగుడి ఫోన్‌లో అది భద్రంగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే సంతోషి ఫోన్ చేసింది. నాగార్జున స్పీకర్ పెట్టాడు. "సార్, కొత్తగ చూసేటోళ్ళకు మన అక్షరాలు ఒస్తలేవంట. అందరు అడుగుతున్నరు, ఏంది సార్?"

అతను తన ఫోన్‌లో పేజీ తెరిచి చూసుకుని, ప్లేటు సింకు పక్కన పెట్టాడు.

"పిచ్చిపిల్ల! నా ఫోన్‌లో బాగానే ఉంది."

ఇంద్రాణి ఆ ప్లేటు ముట్టుకోలేదు. చెప్పులు వేసుకుంటూ అంది.

"అవును. ఇక మీ ఒక్కరి ఫోన్‌లోనే."