సీసా మీది తేదీ

మా వంటింట్లో ఏ డబ్బాలోనూ దాని మీద రాసి ఉన్నది ఉండదు. పాలపొడి డబ్బాలో మినప్పప్పు, కాఫీ సీసాలో మెంతులు, ఎవరో ఇచ్చిన ఖరీదైన బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ వంటింట్లోనే వెతుక్కుని, దొరక్క, "వసూ, పంచదార ఎక్కడ?" అని అరిచే మా ఆయన ఒక్క సీసా మీది అక్షరాలను మాత్రం మనసారా నమ్మారు.

ఆయన పేరు అమరేశ్వరరావు. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. మా ఇల్లు నాంపల్లిలో. మే నెలలో చేయించిన రక్తపరీక్షలో ఆయన మూడు నెలల షుగర్ సగటు ఆరు పాయింట్ మూడు వచ్చింది. బషీర్‌బాగ్‌లో డాక్టర్ నర్మదగారు ఆ కాగితం చూసి, "ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. తిండీ నడకా సరిచేసుకోండి. ఆగస్టులో మళ్ళీ చూద్దాం. తగ్గకపోతే మాత్ర మొదలుపెడదాం" అన్నారు.

మాత్ర అన్న మాటకు ఆయన ముఖం వాడిపోయింది. వాళ్ళ సెక్షన్‌లో మధ్యాహ్నం అన్నం డబ్బాతో పాటు మాత్రల డబ్బా కూడా తెరవని మనిషి ఆయనొక్కరే. ఆ సంగతి పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

ఇంటికి రాగానే త్యాగాలు మొదలయ్యాయి. మొట్టమొదట బలైనవి పల్లీలు.

"నూనె తీసే గింజ అది. ఒట్టి కొవ్వు. పైగా పైత్యం," అని ఇడ్లీలోకి పల్లీ చట్నీ మానేశారు. అయిదో రోజున ఆయన పక్క సీటు అంజయ్యగారు ఫోన్ చేశారు.

"వదినా, సార్ నాలుగు గొట్టంగనే చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుంట మాకు షుగర్ మీద లెక్చర్ ఇస్తుండు. నాలుగు తిన్నడు. జర చూడు."

సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి లహరి సగం ధరకు వస్తోందని పీనట్ బటర్ సీసా ఒకటి కొనుక్కొచ్చింది. సీసా మీద కండలు తిరిగిన వస్తాదు బొమ్మ, పక్కన ప్రొటీన్ అని పెద్దపెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"చూశావా వసూ, సైంటిఫిక్ ఫుడ్ అంటే ఇదీ."

"నాన్నా, అవి పల్లీలే. నూరారు, అంతే," అంది లహరి.

"నూరితే గుణం మారుతుందమ్మా. దాన్నే ప్రాసెస్ అంటారు."

"మరి అమ్మ చేసే చట్నీ?"

"దానికి లేబుల్ ఏదీ?"

లేబుల్ నేనూ చదివాను, ఆయన తిప్పని వెనకవైపు. కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివిన హోంసైన్సు ఇన్నాళ్ళకు చీమతలంత అక్షరాలు చదవడానికి పనికొచ్చింది. పల్లీల తరవాత పంచదార, ఆ తరవాత పామాయిల్, ఉప్పు. బిస్కెట్లు మాన్పించి పంచదార ముద్ద తినిపించడమెందుకు? పది రోజుల్లో సీసా అడుగంటింది. దాన్ని కడిగి ఎండలో బోర్లించి, సంచీ పట్టుకుని ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళ్ళాను.

పల్లీలు కొనడం చూపుతో అయ్యే పని కాదు. మూడు బస్తాల్లోంచి మూడేసి గింజలు నమిలాకే కొన్నాను. ఇంటికొచ్చి చేటలో పోసి, ముడుచుకుపోయినవీ, నల్లబడ్డవీ, బూజు వాసన తగిలినవీ ఏరిపారేశాను. బూజు పట్టిన గింజ రుచికే కాదు, కాలేయానికీ చేటు. సన్నని సెగ మీద వేయించి, పొట్టు ఊది, మిక్సీలో వేశాను. మొదట పొడి అవుతుంది, తరవాత గడ్డ కడుతుంది. చాలామంది అక్కడే పాడైందనుకుని ఆపేస్తారు. మధ్యమధ్య మిక్సీకి ఊపిరి తీసుకోనిచ్చి ఇంకాస్త తిప్పితే, గింజలోని నూనే బయటికొచ్చి ముద్ద మెత్తగా జారుతుంది. చిటికెడు ఉప్పు వేశాను. ఇంకేమీ వెయ్యలేదు. వస్తాదు బొమ్మ సీసా నిండింది.

మర్నాడు చెంచా నోట్లో పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకున్నారు. "బ్రాండ్ అంటే బ్రాండే. మొదటి సీసా కన్నా ఇది ఇంకా బాగుంది!"

"అవునా?" అన్నాను. ఎక్కడిదని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

అప్పటినుంచి ఆఫీసు సంచీలో సీసా, దానితో ఒక జామకాయ. నాలుగింటికి జామ ముక్కల మీద రెండు చెంచాలు రాసుకుని తినడం, మళ్ళీ రాత్రి భోజనం దాకా ఆకలి అనకపోవడం. ఆటో మాని నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు నడక. ముందు బిస్కెట్లు రెండయ్యాయి, తరవాత సున్నా. ఆ సమాచారం కూడా అంజయ్యగారిదే. వారానికోసారి సీసా నిండేది. అలా జూన్ పోయింది, జూలై పోయింది, ఆగస్టు చివరికొచ్చింది.

రేపు రక్తం ఇవ్వాలనగా, సాయంత్రం అయిదింటికే ఆయన ఆటోలో దిగారు. సీసా ఒక కవర్లో ఉంది. దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు దూరంగా పట్టుకున్నారు.

"వసూ, డేట్ చూడు!"

చూశాను. గడువు జూన్ నెలతో సరి.

"అంజయ్య చూశాడు. 'రావు సాబ్, గిదేంది, రెండు నెలల సంది కరాబైన మాల్ తింటున్నవ్, దవాఖానకు పోదాం పా' అన్నాడు. నాలుగింటి నుంచీ కడుపులో ఒకటే నొప్పి."

"రెండు నెలలు రాని నొప్పి ఇవాళ నాలుగింటికే వచ్చిందా?"

"తెలిస్తేనే కదా నొప్పి వచ్చేది!" అని సోఫాలో వాలిపోయారు. "రేపు నేను రక్తం ఇవ్వను. ఈ విషంతో ఏ అంకె వస్తుందో! అది చూసి డాక్టరమ్మ మాత్ర రాసేస్తుంది. మూడు నెలలు కాళ్ళరిగేలా నడిచాను వసూ!"

నాకు నవ్వాగలేదు, జాలీ ఆగలేదు. పరీక్ష మానేస్తే ఈ మూడు నెలల కష్టం ఎటు పోయిందో తెలియనే తెలియదు. ముందు గ్లాసుడు మజ్జిగ ఇచ్చాను. పూర్తిగా తాగేదాకా ఆగాను. తరవాత వంటింట్లోంచి చేట తెచ్చి ఆయన ముందు పెట్టాను. అందులో ఏరిన పల్లీలున్నాయి.

"ఆ తేదీ సీసాది. లోపలి సరుకు మొన్న ఆదివారానిది."

ఆయన చేట వంకా, నా వంకా చూశారు.

"అంటే నేను తింటున్నది పల్లీలు."

"అవును."

"నేను మానేసిన పల్లీలు."

"అవే. మొదటి పది రోజులు మాత్రం పంచదార కూడా తిన్నారు."

కడుపునొప్పి తగ్గిందా అని అడిగాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి అటకకింది డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూశారు. బిస్కెట్ల డబ్బాలో సూది గుచ్చుకుని 'అబ్బా' అనడం వినిపించింది. ఆ రాత్రి ఇడ్లీతో కారప్పొడి అడిగారు. కోపం వచ్చినప్పుడు అంతే.

అయినా ఉదయాన్నే వెళ్ళి రక్తం ఇచ్చారు. మర్నాడు కాగితం తీసుకుని బషీర్‌బాగ్ వెళ్ళాం. దారి పొడుగునా దాని మడత విప్పలేదు. డాక్టర్‌గారే విప్పారు.

"అయిదు పాయింట్ ఎనిమిది. మాత్ర అక్కర్లేదు. ఏం చేశారు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "పల్లీలు తిన్నానండీ. నాకు తెలియకుండా."

సంగతంతా విని నర్మదగారు పెన్ను కింద పెట్టి నవ్వారు. "పల్లీలు మందేం కాదండీ. మీరు నడిచారు, బిస్కెట్లు మానారు. పల్లీల్లో మాంసకృత్తులు, పీచు, గుండెకు మేలు చేసే కొవ్వు ఉన్నాయి. మెల్లగా అరుగుతాయి, షుగర్ ఒక్కసారిగా ఎగరదు. కడుపు నిండి ఉంది కాబట్టి చెయ్యి బిస్కెట్ దాకా పోలేదు. అలాగని ఎక్కువ తింటే బరువు పెరుగుతారు. రోజుకో గుప్పెడు చాలు."

"ఎవరి గుప్పెడండీ?" అని ఆయన అరచెయ్యి చాపారు. అదొక చిన్న పళ్ళెం.

డాక్టర్‌గారు మా ఇద్దరి చేతులూ చూసి, "ఆవిడది," అన్నారు.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తెల్ల లేబుళ్ళ కట్టతో వచ్చారు. వస్తాదును గోకి పీకేసి, ఆ చోట ఒకటి అతికించారు. ఫైళ్ళ మీద రాసే ముత్యాల అక్షరాలు: 'పల్లీ ముద్ద. తయారీ: వసుమతి, నాంపల్లి.' కింద తేదీ, సంతకం. అంజయ్యగారికీ ఒక సీసా కావాలట. బిస్కెట్లు మానితేనే అని కబురంపాను.

మిగిలిన లేబుళ్ళు ఊరికే పోతాయా? ఆదివారమంతా స్టూలెక్కి, ప్రతి డబ్బా మూత తీసి, వాసన చూసి, ఉన్నదున్నట్టు రాసి అతికించారు. కిందికి దిగి, చేతులు దులుపుకుని, "ఇక నిన్ను పిలవనక్కర్లేదు," అన్నారు. చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

సోమవారం కాఫీ పొడి కొత్త పొట్లం విప్పి, అప్పుడే ఖాళీ అయిన డబ్బాలో పోశాను. దాని మీద ముత్యాల అక్షరాలతో 'ధనియాలు' అని ఉంది.