బయటి తాళం

ఉదయం పది గంటలకు అమ్మకానికి పెట్టిన ఆట, పదకొండున్నర కాకముందే నాలుగు వందల మంది కంప్యూటర్లలో ఒకే చోట ఆగిపోయింది.

హన్మకొండలో ఒక ఎరువుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. తొమ్మిది మంది పనిచేస్తారు. మే నెల. ఉన్న రెండు ఏసీల్లో ఒకటి చెడిపోయి పక్షం రోజులైనా ఎవరూ బాగు చేయించలేదు. కింది దుకాణం నుంచి పురుగుమందుల వాసన మెట్లెక్కి వస్తోంది. పొద్దున ఏడింటికి వచ్చిన వాళ్లెవరూ ఇంకా చాయ్ కూడా తాగలేదు. తెర మీద ఫిర్యాదులు ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి. గేటు దగ్గరికి పోగానే ఆగిపోతోంది. మూడుసార్లు ఆడాను, మూడుసార్లూ అక్కడే. మా డబ్బులు మాకివ్వండి.

ఆట పేరు 'తెల్లబూడిద'. మూతపడిన పత్తి మిల్లులో చిక్కుకుపోయిన ఒక ఆడపిల్ల ఏడు రాత్రులు ప్రాణం నిలుపుకోవాలి. నీళ్లు వెతుక్కోవాలి, టార్చి ఆరిపోకుండా చూసుకోవాలి. ఆ మిల్లు మంటల్లో ముగ్గురు ఆడకూలీలు ఎట్లా చనిపోయారో ఒక్కొక్క ఆధారం ఏరుకుంటూ తెలుసుకోవాలి. మొత్తం ఆరు భాగాలు. ఇవాళ వచ్చింది మొదటిది మాత్రమే. పూర్తికాని ఆటను మూడు వందల నలభై తొమ్మిది రూపాయలకు జనం చేతిలో పెట్టి, వాళ్లు చెప్పే తప్పులు దిద్దుకుంటూ మిగతా భాగాలు తయారు చేసుకోవడం. దాన్నే ఎర్లీ యాక్సెస్ అంటారు.

ఆ ఆటలో వినిపించే ప్రతి చప్పుడూ అరుణ చేసిందే. రేకుల కప్పు మీద వాన, పత్తి బేళ్ల మధ్య ఎలుకల పరుగు, గాలికి ఊగే తలుపు. ముప్పై ఏళ్ల అరుణ కాజీపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది. జీతం పద్దెనిమిది వేలు. నాలుగు నెలలుగా అందులో సగమే చేతికొస్తోంది. మిగతా సగం ఆట విడుదలయ్యాక ఇస్తానని ఓనరు రమాకాంత్ అందరికీ చెప్పాడు.

పక్క కుర్చీలో ప్రోగ్రామర్ రాకేష్ గంట నుంచి తెరకు అతుక్కుపోయి ఉన్నాడు. ఒక్కసారిగా వెనక్కి వాలి, "అక్కా, దొరికింది," అన్నాడు. "గేటుకు తాళం లేదు. ఆట ఆ తాళం కోసం దేవులాడుతాంది, దొరుకుతలేదు, పడిపోతాంది."

"లేకపోవుడేంది? తాళం ఊగిన చప్పుడు నేనే పెట్టిన గదా."

"చప్పుడు ఉన్నది. తాళమే లేదు. నిన్న సాయంత్రం తీసేసిన్రు." రాకేష్ గొంతు తగ్గించాడు. "సార్ లాగిన్‌తోని."

మొదటి భాగానికి ఆ తాళమే ప్రాణం. ఆడేవాడు పొగలోంచి తప్పించుకుని గేటు దాకా వస్తాడు. ఊచల మధ్య నుంచి చెయ్యి బయటపెట్టి తడిమితే తాళం తగులుతుంది. లోపల మనుషులుండగా గేటుకు బయటినుంచి తాళం వేశారని అప్పుడు తెలుస్తుంది.

ఆ సంగతి ఎవరూ కల్పించింది కాదు. చిలుకమ్మ చెప్పింది.

ఏడాది కింద, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు యంత్రాల చప్పుడు ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి అరుణ మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ల కోసం తిరిగింది. ఎవరో చెబితే ఖిలా వరంగల్‌లో మట్టికోట గోడ పక్కన ఉన్న రేకుల ఇంటికి పోయింది. ఒక పత్తి మిల్లులో ఏళ్లుగా పనిచేసిన చిలుకమ్మ అక్కడ ఒక్కతే ఉంది. ఆమె బిడ్డ భవాని, ఇరవై రెండేళ్ల పిల్ల, రోజుకు మూడు వందల ఇరవై రూపాయల కూలికి అదే మిల్లులో పన్నెండు గంటలు పత్తి ఎత్తేది. నాలుగేళ్ల కింద మిల్లులో మంటలు లేచినప్పుడు మరో ఇద్దరితో పాటు గేటు దగ్గరే పోయింది. పని మొదలయ్యాక ఎవరూ చాయ్‌కి బయటికి పోవద్దని, కొంగులో దూది దాచుకుని పోవద్దని ఆ మిల్లులో బయటి నుంచి తాళం వేసేవాళ్లు. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ భోజనానికి పోయాడు. కేసు నడిచింది. కూలీలెవరో బీడీ తాగి పారేశారని రాసి మూసేశారు.

మూడు గంటలు మాట్లాడింది చిలుకమ్మ. పైసల మాట ఎత్తలేదు. "ఆ తాళం సంగతి జనానికి చెప్పున్రి బిడ్డా, సాలు," అంది. అరుణ చెప్తానంది. ఆ తర్వాత చిలుకమ్మ ఏడ్చింది. గొంతులోంచి కాదు, ఇంకెక్కడి నుంచో వచ్చింది ఆ ఏడుపు. అరుణ రికార్డరు ఆపాల్సింది. ఆపలేదు. ఆటలో దూది గోదాములో చీకట్లోంచి వినిపించే ఏడుపు అదే. పొద్దున్నుంచి జనం మెచ్చుకుంటున్నదీ దాన్నే. ఒళ్లు గగుర్పొడిచింది, ఇంత మంచి దయ్యం గొంతు ఎప్పుడూ వినలేదని ఎవరో రాస్తే రెండు వందల మంది దానికి లైకు కొట్టారు.

అరుణ లేచి రమాకాంత్ గదిలోకి పోయింది.

రమాకాంత్‌కు నలభై ఏళ్లుంటాయి. చౌరస్తాలో వాళ్ల నాయన పెట్టిన బట్టల దుకాణాన్ని తమ్ముడికి వదిలి ఈ ఆటల కంపెనీ పెట్టాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి అందరికీ బట్టలు పెడతాడు.

"కూసో అరుణా. నేనే పిలుద్దామనుకున్న," అన్నాడు. "తాళం నేనే తీయించిన. రాజేశ్వర్ రావు గారు మిగిలిన ఐదు భాగాలకు పెట్టుబడి పెడ్తాండ్లు."

రాజేశ్వర్ రావు ఎవరో అరుణకు తెలుసు. చిలుకమ్మ మూడు గంటల్లో ఆ పేరు ఎన్నిసార్లు అందో కూడా తెలుసు.

"ఆ మిల్లు ఆయనదే గదా సార్."

"అయితే ఏంది? ఆటల ఆయన పేరు లేదు, మిల్లు పేరు లేదు. కానీ తాళం అన్నది అప్పట్ల పేపర్ల వచ్చింది. అదొక్కటి వద్దన్నడు. పెద్దమనిషి ఒక్క మాట అడిగితే కాదంటమా?"

"మరి ఆ ముగ్గురు ఎట్ల సచ్చిపోయిన్రని చెప్తం?"

"పనిచేసే పిల్లనే బీడీ ముట్టించింది. మిస్టరీకి గూడ మంచి మలుపు. తల్లి గొంతుతోని చెప్పిస్తే జనం నమ్ముతరు." రమాకాంత్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మూడు గంటల రికార్డింగు ఉన్నది గదా నీ దగ్గర. నా బిడ్డ, బీడీ, నిప్పు. అన్ని మాటలు అండ్లనే ఉంటయి. ఏరి అతికియ్యి. తక్కువైన మాట సాఫ్ట్‌వేర్ పలుకుతది. నీ చెవి మంచిది, నువ్వు చేస్తే అతుకు తెల్వది. నాలుగింటికల్లా కావాలె."

బీడీ అన్న మాట ఆ రికార్డింగులో నిజంగానే ఉంది. 'నా బిడ్డకు బీడీ వాసనే పడకపోయేది, దగ్గేది' అని చెప్పింది చిలుకమ్మ. మాటకు ముందు చిన్న ఊపిరి, తర్వాత బయట కోడి కూత. అవి ఎక్కడున్నాయో కూడా అరుణకు తెలుసు. అరనిమిషం పని.

"నాతోని కాదు సార్," అంది.

"ఆలోచించుకో. ఆయన చెక్కు రాకపోతే మీ సగం జీతాలు నేను యాడికెల్లి తేవాలె? నీ ఒక్కదానివే కాదు, తొమ్మిది మందివి."

అరుణ బయటికొచ్చేసరికి గుమ్మం దగ్గర చిలుకమ్మ నిలబడి ఉంది. ఆట ఇవాళ వస్తుందని పోయిన వారం అరుణే ఫోనులో చెప్పింది. మార్కెట్ యార్డులో మిరపకాయలు ఏరే పని మానుకుని వచ్చింది. అంటే నాలుగు వందల యాభై రూపాయల కూలి పోయింది. ఉతికిన చీర కట్టుకుంది. మిరపఘాటుకు కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"సూత్తనని వచ్చిన బిడ్డా. పనిల ఉన్నవా?"

"రా చిన్నమ్మా," అంది అరుణ. తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆట మొదలుపెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టింది.

చిలుకమ్మ తెరకు దగ్గరగా వంగింది. రేకుల కప్పు, ఇనుప స్తంభాలు, తెల్లగా పేరుకున్న దూది ధూళి. "గిదే," అంది. "గీ మూలకే నా బిడ్డ సద్ది పెట్టుకునేది." తెర మీద అమ్మాయి గోదాములోకి నడిచింది. చిలుకమ్మ ముఖం మారిపోయింది. రెండు చేతులతో హెడ్‌ఫోన్లు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఏం వింటోందో అరుణకు తెలుసు. ఆపుదామని చెయ్యి చాపింది, చిలుకమ్మ ఆ చేతిని పక్కకు తోసింది.

పొగ లేచింది. అమ్మాయి గేటు దాకా పరుగెత్తి, ఊచల మధ్య చెయ్యి పెట్టింది. బొమ్మ ఆగిపోయింది.

"ఆగిపాయెనేంది బిడ్డా? తాళమేది?"

రాకేష్ తల తిప్పుకున్నాడు. అరుణ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని మొత్తం చెప్పింది. తాళం ఎవరు తీశారో, ఎవరు తీయమన్నారో, దాని బదులు ఎవరి గొంతుతో ఏం చెప్పించమన్నారో. చిలుకమ్మ చీర కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుతూ వింది.

ఇంతలో రమాకాంత్ బయటికొచ్చాడు. ఎవరో తెలియగానే ముఖం విప్పారింది. ఆఫీసు కుర్రవాడిని కూల్‌డ్రింకు తెమ్మన్నాడు. లోపలికి పోయి ఒక కాగితం, పెన్ను, ఒక కవరు తెచ్చాడు.

"అమ్మా, మీ గొంతు అద్భుతంగ ఉన్నది. మీ సంతకం ఒక్కటి తీసుకోవాల్సి ఉండె, మరిచిపోయినం. ఇండ్ల ఐదు వేలున్నయి. ఉంచున్రి." అరుణ వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "రేపు ఎవడన్న ఫిర్యాదు చేస్తే, కాగితం లేకుంటే ఆట అమ్మే సైటోళ్లు దాన్నే దించేస్తరు. పెట్టించు."

కేసు వాయిదాలకు తిరిగినప్పుడు చిలుకమ్మ సంతకం నేర్చుకుంది. పేరు రాయగలదు, చదవలేదు. కాగితం అరుణ చేతికిచ్చింది. "ఏమున్నదో చదువు బిడ్డా."

"అంత చదువుడెందుకు? మామూలు కాగితమే," అన్నాడు రమాకాంత్.

అరుణ చదివింది. అందరికీ వినపడేట్టు పైకి చదివింది. "నా గొంతును, దాని నుంచి తయారు చేసిన ఎటువంటి మాటలనైనా, ఏ పాత్రకైనా, ఎప్పటికైనా వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. దీని మీద నాకు గాని, నా వారసులకు గాని ఏ హక్కూ లేదు."

"వారసులంటే?"

"పిల్లలు, చిన్నమ్మా."



చిలుకమ్మ పెన్ను మూత తీయనే లేదు. కవరు మీద పెట్టి రెండూ బల్ల మీద ముందుకు జరిపింది. "నేను పెట్ట సారూ," అంది. "కోర్టుల గూడ గిట్లనే అన్నరు. నీ బిడ్డనే తాగిందని రాత్తం, సంతకం పెట్టు, పైసలిత్తరు అన్నరు. గప్పుడు పెట్టలే. మీకు పెడ్తనా?"

రమాకాంత్ ముఖంలో నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది. "సరే. ఎవరన్న ఆర్టిస్టు పిల్లను పిలిపిచ్చి ఆ మాట చెప్పిస్త. ఆగుతదా? అరుణా, నీ ఫైళ్లన్నీ రాకేష్‌కు అప్పజెప్పి పో. రేపటి నుంచి రానక్కర లేదు."

"అక్కా, జర ఆగు," అన్నాడు రాకేష్. కళ్లలో కోపమో ఏడుపో తెలియలేదు. "నాది రెండు నెల్ల కిరాయి బాకీ ఉన్నది. నీకు బాగనే ఉన్నది, పోతవు. మేం ఏం కావాలె?"

అరుణ అతని భుజం మీద చెయ్యి వేయబోయి మానుకుంది. సంచి తీసుకుని చిలుకమ్మతో మెట్లు దిగింది.

రోడ్డు మీద ఎండ మండిపోతోంది. ఎరువుల దుకాణం ముందు లారీలోంచి బస్తాలు దించుతున్నారు. ఇద్దరూ ఆటో కోసం నిలబడ్డారు. నాలుగింటికి ఆటలో గేటు తెరుచుకుంటుంది. ఎవరిదో లేత గొంతు, తల్లిలాగా, బిడ్డే నిప్పు పెట్టిందని చెబుతుంది. జనం నమ్ముతారు. ఉద్యోగం పోయిందని ఇంటికి పోయి నాయనకు ఎట్లా చెప్పాలో అరుణకు తోచలేదు.

"బిడ్డా," అంది చిలుకమ్మ. "ఆ ఏడుపు నాదే గదా?"

అరుణ తల దించుకుంది. "నీదే చిన్నమ్మా. నిన్ను అడగకుంట పెట్టిన. తప్పు నాదే."

"అది గూడ అండ్లనే ఉంటదా?"

"ఉంటది."

"నా బిడ్డ మీద నింద చెప్పి, ఎనుకకెల్లి నా ఏడుపు వినిపిత్తరా?"

ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు ఎక్కడికని అడిగాడు. చిలుకమ్మ ఆటో వైపు చూడలేదు. అరుణను ఒక్క మాట కూడా అనలేదు, తిట్టలేదు. అదే అరుణకు భరించరానిదైంది.

"నా ఏడుపు నాకియ్యమను," అంది చిలుకమ్మ. కొంగు నడుముకు బిగించి, బస్తాలు మోస్తున్న వాళ్ల మధ్య నుంచి వెనక్కి నడిచింది.

మోకాళ్ల నొప్పితో ఆమె గోడ పట్టుకుని మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతోంది. మొదటి మలుపు దగ్గర ఊపిరి కోసం ఆగింది. అరుణ పరుగున పోయి ఆమె చంక కింద చెయ్యి వేసింది. పైన ఆఫీసు తలుపు వేసి ఉంది.