యూవీ దీపం ఆర్పిన సాయంత్రం

"గొట్టం తళతళలాడాలి బొగ్నా. ఇవాళ నీళ్లు అద్దంలా లేకపోతే నా పరువు పోతుంది" అన్నాడు మా ఆయన వితోల్ద్, టై సరిచేసుకుంటూ. గొట్టమంటే యూవీ దీపం చుట్టూ ఉండే గాజు గొట్టం. హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టెలోని నీళ్లను పంపు లాగి ఆ గొట్టం పక్కనుంచి పారిస్తుంది. ఆ వెలుగు తగిలితే నీళ్లను మసకబరిచే నాచూ, చేపలకు తెల్లమచ్చలు తెచ్చే పురుగూ చస్తాయి. గొట్టానికి పట్టే తెల్లటి పెచ్చును వెనిగరులో నానబెట్టి, గుడ్డతో రుద్ది తీసేది నేను. నీళ్లలో ఉప్పు కలిపేదీ, అద్దాలు గీకేదీ, పగడాలకు మేత వేసేదీ నేనే. చూడవచ్చినవాళ్లకు మాత్రం అది వితోల్ద్ అక్వేరియం. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ రోజు అతని పేరుపండుగ, అంటే క్యాలెండరులో అతని పేరున్న సాధువు రోజు. మా ఊరు తొరూన్‌లో పేరుపండుగకు ఎవరినీ పిలవరు, గుర్తున్నవాళ్లు వచ్చేస్తారు. ఇద్దరు రావచ్చు, ఇల్లు పట్టనంతమంది రావచ్చు. వంట మాత్రం ఇల్లు పట్టనంతమందికే చెయ్యాలి. హెరింగ్ చేపలకు ఉల్లిపాయలు తరుగుతూ, మధ్యమధ్య సింకులో గొట్టం రుద్దుతూ నేనుంటే, మా అత్తగారు గెనొవేఫా కిటికీ పక్క కుర్చీలోంచి "మా రోజుల్లో పేరుపండుగ నాడు ఆడదాని నడుం కుర్చీకి ఆనేది కాదు" అన్నారు. నా నడుం మాత్రం ఎక్కడ ఆనింది? ఇంకో ఉల్లిపాయ అందుకున్నాను.

కడిగిన గొట్టం బిగించడానికి తొట్టె దగ్గర వంగాను. లోపలి పూలకుండీ పెంకు మీద, నారింజ ఒంటికి తెల్లచారలుండే జోకరు చేపల గుడ్లన్నిటికీ వెండి కళ్లు వచ్చాయి. అంటే ఈ సాయంత్రమే పగిలి పిల్లలవుతాయి, చీకటి పడిన కాసేపటికి, అన్నీ ఒక్కసారే.

ఈ చేపల కాపురం గురించి చెప్పాలి. పెద్దది ఆడది. గుడ్లు పెట్టేసి, తొట్టె అంతా తనదే అన్నట్టు ఏలుకుంటూ తిరుగుతుంది. చిన్నది మగది. పొద్దస్తమానం పెంకు దగ్గరే ఉండి రెక్కలతో విసురుతుంది, నోటితో తుడుస్తుంది, పాడైన గుడ్లు ఏరేస్తుంది. వితోల్ద్ స్నేహితుడు రిషార్ద్ ఓసారి చూసి "వీడెవడ్రా, ఆడంగి పనులన్నీ చేస్తున్నాడు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. చేతిలో ఎంగిలి ప్లేట్ల దొంతరతో నేనూ నవ్వాను.

అంతకుముందు కూడా గుడ్లు పగిలి పిల్లలయ్యాయి. తెల్లారి చూస్తే ఒక్క పిల్లా లేదు. "మిగతా చేపలు తినేసుంటాయి, నీకెందుకా గోల" అన్నాడు వితోల్ద్. నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఒకరోజు గొట్టం రుద్దుతుంటే తట్టింది. ఈ దీపానికి మంచీ చెడూ తెలియదు. పురుగు వచ్చినా పిల్ల వచ్చినా దానికి ఒకటే. కంటికి ఆననంత పిల్లల్ని పంపు లాక్కెళ్లి తిన్నగా దానికి అప్పగిస్తోంది. చంపే వెలుగును రోజూ తోమి, మెరిపించి పెట్టింది నా చేతులే.

"ఈ సాయంత్రం దీపం ఆపాలి వితోల్ద్. పంపు కూడా. హాల్లో లైట్లు కూడా" అన్నాను.

"మతి పోయిందా? వచ్చినవాళ్లను చీకట్లో కూర్చోబెడతావా?"

"కాసేపే. చీకట్లోనే గుడ్లు పగులుతాయి."

"గుడ్లదేముంది, మళ్లీ పెడతాయి. నా పేరుపండుగ ఏడాదికొక్కసారి."

నా పేరుపండుగా ఏడాదికొక్కసారే. పోయినసారి ఆ రోజు ఇతను ఫ్రిజ్ తెరిచి "ఏంటి, కేకుంది?" అని అడిగాడు. ఆ కేకు నాకు నేనే చేసుకున్నాను. ఇంకో రోజైతే ఇదంతా తలుచుకుని గుడ్లనీళ్లు కుక్కుకునేదాన్ని. ఆ పూట ఏడుపు రాలేదు, సంతోషం పొంగుకొస్తోంది. కాలు ఒకచోట నిలవలేదు. బంగాళాదుంప సలాడులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ సలాడును పాత కుండలోకి తోసి, పెద్ద గాజుగిన్నె కడిగి చేపపిల్లల కోసం పక్కన పెట్టాను.

నవంబరు కదా, పెందలాడే చీకటి పడింది. పూలు పట్టుకుని రిషార్ద్ వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. నూరేళ్లు బతకమని పాట పాడారు. పాట అయ్యాక నేను ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించాను. యూవీ దీపం ప్లగ్గు లాగాను. పంపుదీ లాగాను. తొట్టె లైటు, హాల్లో లైటు ఆర్పేశాను.

"కరెంటు పోయిందా?" అన్నాడు రిషార్ద్.

"పోలేదు, నేనే తీశాను. కూర్చోండి. పిల్లలు పుట్టబోతున్నాయి."

"ఎవరికి?"

అందరూ నవ్వారు. వితోల్ద్ నవ్వలేదు. "లైటు వెయ్యి బొగ్నా, అందరూ తినాలి" అన్నాడు పళ్లబిగువున.

"వంటింట్లో లైటుంది. తిండీ అక్కడే ఉంది" అని, కుర్చీ లాక్కుని తొట్టె ముందు కూర్చున్నాను. ఆ ఇంట్లో పేరుపండుగ నాడు నేను కూర్చోవడం అదే మొదలు.

పుట్టిన పిల్లలు వెలుగు దగ్గరికే వస్తాయని, అద్దం మూలకు చిన్న టార్చి ఆనించి పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. అత్యాశకు పోయానేమో, రేపు మళ్లీ ఖాళీ నీళ్లే చూస్తానేమో అనిపించింది. అంతలో వెలుగులోకి ఒక నలుసు ఈదుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత లెక్క లేదు, వెండి కళ్ల పిల్లలు ఆవాలు చల్లినట్టు టార్చి చుట్టూ మూగాయి. బతికే ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి. గాజుగిన్నె ముంచి వాటిని అందులోకి తీసుకున్నాను. రిషార్ద్ వచ్చి నా భుజం మీదుగా వంగి చూశాడు.

"టీ చల్లారిపోతోంది. కేకు కొయ్యలేదు. లే బొగ్నా" అన్నాడు వితోల్ద్ వెనకనుంచి.

"నేను లేవను" అన్నాను. గొంతు నాదేనా అనిపించేంత నెమ్మదిగా వచ్చింది ఆ మాట.

చీకట్లో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. అత్తగారు వచ్చి నా పక్కన చేరి, అద్దానికి ముక్కు ఆనించారు. మగచేప ఇంకా పెంకు దగ్గర విసురుతూనే ఉంది. ఆవిడ దాన్నే చాలాసేపు చూశారు.

"వితెక్," అని కొడుకును ముద్దుపేరుతో పిలిచి అన్నారు తల తిప్పకుండానే, "కేకు నువ్వే కొయ్యి. కత్తెక్కడుందో తెలియకపోతే వెతుక్కో. మేమిద్దరం ఇప్పుడు లేవం."