పక్కకు జరిగిన గుడి

ఆ ఆదివారం పొద్దున వార్డు పెద్దలు నలుగురు తన సందులోకి తిరగడం కిటికీలోంచి చూసి, అక్షరాలాయన రంగు మరకల చొక్కా విప్పేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకున్నాడు. దేవుడి పటం ముందు ఒక్క క్షణం నిలబడి "నీ దయ" అనుకున్నాడు. వాళ్ళు ఎందుకు వస్తున్నారో ఆయనకు తెలుసు. కనీసం తెలుసనే అనుకున్నాడు.

మూడు శివారు కాలనీలను కలిపి కొత్త మున్సిపాలిటీ చేసి అప్పటికి ఆరు నెలలు. మొట్టమొదటి కౌన్సిల్ ఎన్నికలు వచ్చిపడ్డాయి. తొమ్మిదో వార్డుకు ఎవరిని నిలబెట్టాలా అని వారం రోజులుగా టీకొట్టు దగ్గర ఒకటే చర్చ. ఆ చర్చలో ఆయన నోరు విప్పలేదు. విప్పాల్సిన పనేముంది? వార్డులో ప్రతి గుమ్మం మీదా ఇంటి నంబరు వేసింది ఆయన చెయ్యే. ప్రతి దుకాణం బోర్డూ ఆయన రాసిందే. ఆఖరికి 'పురపాలక సంఘ కార్యాలయం' అన్న నిలువెత్తు బోర్డు కూడా ఆయనే రాశాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క అక్షరం తప్పు పడలేదు. అందుకే ఊళ్ళో ఆయన్ని ఎవరూ పెయింటర్ అనరు, అక్షరాలాయన అంటారు.

పెద్దలు కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. రిటైరైన పోస్ట్‌మాస్టర్ గొంతు సవరించుకున్నాడు.

"ఒక పని మీద వచ్చామయ్యా. కాదనకూడదు మరి."

"మీరంతా వచ్చి అడిగితే నేను కాదంటానా" అన్నాడు అక్షరాలాయన, ఎంత వినయం ఉండాలో అంత వినయంతో తల వంచి.

"మేమూ అదే అనుకున్నాం. మన పంపులాయన్ని నిలబెడుతున్నాం. గోడల మీద రాత నువ్వే రాయాలి. నీ తోడల్లుడే కదా, నీకు వేరే చెప్పాలా."

టీ తెస్తున్న ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. చెల్లెలి మొగుడికి ఇంత గౌరవం దక్కిందని ఆమె ముఖం వెలగబోయింది. ఇంతలో మొగుడి మెడ దగ్గరి బొత్తాం కంటబడింది. వెలుగు సగంలోనే ఆరిపోయింది.

"రాస్తాను" అన్నాడాయన.

వాళ్ళు వెళ్ళాక బొత్తాం విప్పబోతే ఊడి చేతిలోకి వచ్చింది.

"ఇటివ్వండి, కుట్టిపెడతాను."

"వద్దులే. దాంతో ఇప్పుడు పనేం లేదు."

తోడల్లుళ్ళిద్దరూ ఒకే ఊళ్ళో, రెండు సందుల తేడాలో కాపురం ఉన్నారు. చిన్నవాడు నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. చదువు రెండో తరగతితోనే సరి. సంతకం పెట్టగలడు, అంతే. ఎవరింట్లో కొళాయి ఆగిపోయినా అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోతాడు. మోచేతుల దాకా గ్రీజు, నోటి నిండా నవ్వు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ పెద్దల్లుడు వస్తే కుర్చీ వేసేది, చిన్నల్లుడు వస్తే పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఇరవై రెండేళ్ళు అక్షరాలాయనకు కుర్చీయే దక్కింది. కుర్చీ గౌరవమే, కాదనడానికి లేదు. అయినా వంటింట్లోంచి వాళ్ళిద్దరి నవ్వులు వినపడుతుంటే ముందుగదిలో ఆ కుర్చీ ముల్లులా గుచ్చుకునేది.

పంపులాయన మర్నాడే పెళ్ళాంతో సహా వచ్చాడు.

"అన్నయ్యా, నాకు గుర్తు ఏమొచ్చిందో చెప్పుకో. నిచ్చెన! నీ నిచ్చెనే అనుకో. ఎక్కేది నువ్వు, గెలిచేది నేను" అని పడీపడీ నవ్వాడు. ఆ మాటలో విషం లేదు. ఉంటే ఆయనకు కాస్త హాయిగా ఉండేది.

"ఏం రాయమంటావు?"

"నన్నడుగుతావేంటి? నీకు తోచిన మంచిమాట రాయి. నువ్వు రాశాక నేను చూసేదేముంది? చూసినా నాకు ముక్క వస్తుందా ఏమన్నానా."

మరదలు కలగజేసుకుంది. "బావగారూ, వీరుడనీ సింహమనీ మాత్రం రాయకండి. ఇంట్లో బొద్దింక కనపడితే నన్ను లేపే మనిషి."

అక్షరాలాయన కాగితం మీద రాశాడు: నిచ్చెన గుర్తు, నమ్మదగిన మనిషి. మాట వెతుక్కోవలసిన అవసరం రాలేదు. అంత తేలిగ్గా రావడమే ఆయన్ని బాధపెట్టింది. తన గురించి రాసుకోవలసి వస్తే ఏ మాట వచ్చేది? ఆలోచించాడు. 'తప్పుల్లేని' అన్న దగ్గర ఆగిపోయింది.

ఆయన రాసే పద్ధతి ఒకటుంది. ముందు వరసంతా అక్షరాల ఒళ్ళు మాత్రమే రాస్తాడు, నెత్తి మీద ఏమీ లేకుండా. అవి ఆరాక నిచ్చెన మళ్ళీ ఎక్కి, రెండో చుట్టులో తలకట్లు, గుళ్ళు, కొమ్ములు, దీర్ఘాలు పెట్టుకుంటూ పోతాడు. అలా అయితే వరస వంకర పోదు. అంతా అయ్యాక రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, గాలిలో వేలు ఆడిస్తూ ఒక్కొక్క అక్షరం గట్టిగా చదువుతాడు. గోడకు ముక్కు ఆనించి రాసిన మనిషికి గోడ కనపడదు, అవతలికి వెళ్ళాలి అని ఆయన గురువు నేర్పిన పాఠం. చదవకుండా ఆయన ఏనాడూ ఇంటికి వెళ్ళలేదు.

ఎనిమిది రోజుల్లో పది గోడలు రాశాడు. ప్రతి గోడ దగ్గరా ఎవరో ఒకరు ఆగేవారు. "మా పంపు ఎన్నిసార్లు బాగుచేశాడో!" అనేవారు. రాత బాగుందని ఒక్కరూ అనలేదు. ఏ గోడ ముందైనా మనుషులు చూసేది అక్షరాలనా, అక్షరాల్లో ఉన్న మనిషినా? ఇన్నేళ్ళలో ఆయనకు ఈ అనుమానం రాలేదు. ఇప్పుడొచ్చింది, వచ్చి పోవడం లేదు.

పదకొండోది పిండిమిల్లు గోడ. వార్డులో అన్నిటికంటే పెద్దది, పోలింగ్ జరిగే బడికి వెళ్ళే మలుపులో ఉంది. ప్రచారానికి ఆఖరి రోజు, సాయంత్రం అయిదింటితో అంతా బంద్. మూడున్నరకు ఒళ్ళు రాయడం అయింది. రంగు ఆరేలోగా ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంకేంటన్నా, నీ పేరు మారిపోతోందిగా" అన్నాడు టీకొట్టతను.

"నా పేరెందుకు మారుతుంది?"

"రేపట్నుంచి నిన్ను అక్షరాలాయన అని ఎవరంటారు? కౌన్సిలర్ గారి తోడల్లుడంటారు."

బల్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. గ్లాసు కింద పెట్టి, వెళ్ళి నిచ్చెన ఎక్కాడు. కౌన్సిలర్ గారి తోడల్లుడు. న మీద తలకట్టు. కౌన్సిలర్ గారి తోడల్లుడు. మ్మ మీద తలకట్టు. ముప్ఫై ఏళ్ళు ఎండలో వేలాడి సంపాదించుకున్న పేరు, ఒక్క టీ చల్లారేలోగా పోయింది. ద మీద ఒకటి, గ మీద ఒకటి, ఆఖరి న మీద గుడి. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

కిందికి దిగి, కుంచె తుడిచి, నిచ్చెన మడిచాడు. రోడ్డు దాటాలి, చదవాలి. దాటితే టీకొట్టు బల్ల ముందే నిలబడి, వాళ్ళందరి ఎదుట, తోడల్లుడి గొప్ప గట్టిగా చదవాలి. ఆయన నాలుగడుగులు వేశాడు. గోడ మీద ఏదో ఉండాల్సిన చోట లేదని వీపుకు తెలిసినట్టనిపించింది. వెనక్కి తిరగలేదు. నేరుగా ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మరదలు వచ్చింది. అక్కతో మాట్లాడకుండా నేరుగా ఆయన దగ్గరకే వచ్చింది.

"బావగారూ, మిల్లు గోడ చూసుకున్నారా?"

"ఏం?"

"నమ్మదగని మనిషి అని ఉంది. పాలకొచ్చినవాళ్ళంతా అక్కడే ఆగి నవ్వుకుంటున్నారు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. గ మీద పెట్టాల్సిన గుడి న మీద పెట్టాడు. అది జరిగింది ఒక్క అక్షరం పక్కకే, మనిషి మొత్తం తిరగబడ్డాడు. మరదలు ఆయన ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసి వెళ్ళిపోయింది.

ఆయన నిచ్చెన భుజానికెత్తుకుని, రంగు డబ్బా పట్టుకుని పరుగులాంటి నడకతో బయల్దేరాడు. మలుపు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

"ఎక్కడికి?"

"గుడి సరిచెయ్యాలి సార్. పక్కకు జరిగింది."

"గుడి జరగడమేంటి? ఎన్నికల ముందు రోజు నాకు గుడి గొడవలు తేకు."

"ఆ గుడి కాదు సార్, అక్షరం మీద గుడి."

"అక్షరాల సంగతి తర్వాత. నీ భుజం మీద ఉన్నదేంటి?"

"నిచ్చెన."

"అది అభ్యర్థి గుర్తు. ప్రచారం నిన్న అయిదింటికే అయిపోయింది. నువ్వు గుర్తు మోసుకుని వీధులన్నీ తిరుగుతున్నావు. రా, ఇలా కూర్చో."

"ఇది నా పనిముట్టు సార్. ముప్ఫై ఏళ్ళుగా ఇదే నిచ్చెన."

"గుర్తిచ్చినవాళ్ళకు చెప్పు. గోడ ముట్టుకోవడానికి వీల్లేదు. కొత్తది రాయకూడదు, ఉన్నది చెరపకూడదు. ఓట్లయ్యేదాకా ఆ మనిషి నమ్మదగని మనిషే."

అరగంటకు పంపులాయన వచ్చాడు, ఏ పంపు దగ్గర్నుంచి లేచి వచ్చాడో చేతులింకా నల్లగానే ఉన్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"మా అన్నయ్య నాకోసం నిచ్చెనెత్తుకుని తిరిగాడా! వదిలెయ్యండి సార్, పెద్దాయన. ప్రేమ ఎక్కువై చేశాడు."

ప్రేమ అన్న మాట వినగానే అక్షరాలాయనకు నేల చీలితే బాగుండుననిపించింది. "అది కాదు తమ్ముడూ, గోడ మీద..."

"విన్నానన్నయ్యా, రా చూద్దాం."

గోడ ముందు పాతికమంది ఉన్నారు. పంపులాయన తనకు రాని అక్షరాల వంక తల ఎత్తి చూశాడు. "ఏదీ, తప్పు ఎక్కడుంది?" అని అడిగాడు. ఎవరో చూపించారు. "ఆ చిన్న టోపీయేనా?" అని నవ్వాడు. ఆ తర్వాత తల గోక్కున్నాడు.

"మా అన్నయ్య ఇన్నేళ్ళలో తప్పు రాయలేదు. ఇదీ తప్పు కాదేమోలే. ఇంతకుముందు ఎప్పుడైనా గెలిచానా, నమ్మడానికి? గోడ చూసి నన్నెవరూ నమ్మకండి. ఇంటికెళ్ళి కొళాయి తిప్పి చూసుకోండి."

జనం మళ్ళీ నవ్వారు, కానీ ఈసారి నవ్వు అతని వైపుకు తిరిగింది. కానిస్టేబుల్ కూడా నవ్వి, "ఇది ప్రచారం కిందికొస్తుందయ్యా, కదలండి" అన్నాడు.

అక్షరాలాయన గోడ నీడలో నిలబడ్డాడు. తోడల్లుడు తిట్టి ఉంటే బాగుండేది. చొక్కా పట్టుకుని 'కావాలనే రాశావు' అని ఉంటే, తను కాదని దెబ్బలాడి ఉండేవాడు, దెబ్బలాటలో ఆ 'కాదు' నిజమైపోయేది. పోనీ, క్షమించాడా? క్షమించడానికి తప్పు కనపడాలిగా, అతనికి కనపడింది టోపీ. అంత పెద్ద మనసు కూడా వాడికే ఎందుకిచ్చావయ్యా, నేను రోజూ దీపం పెడుతున్నాను కదా అని ఆయన దేవుణ్ణి అడిగాడు. అడిగాక తనకే సిగ్గేసింది. దీపం పెట్టేది దానికోసమా?

పోలింగ్ రోజున చీటీ మీద నిచ్చెన బొమ్మ చూస్తూ ఆయన ఎంతసేపు నిలబడ్డాడంటే, తెర బయట అధికారి రెండుసార్లు దగ్గాడు. ఆయన ముద్ర నిచ్చెన మీదే వేశాడు. వేసి, చీటీ మడిచే ముందు వేలు పెట్టి చూసుకున్నాడు, ముద్ర పక్కకు జరగలేదు కదా అని.

పంపులాయన పందొమ్మిది ఓట్లతో గెలిచాడు. గోడ వల్ల పోయిన ఓట్లెన్నో, గోడ వల్ల వచ్చిన ఓట్లెన్నో ఎవరూ చెప్పలేరు. టీకొట్టతను మాత్రం గోడే గెలిపించిందన్నాడు.

మూడో రోజున కొత్త కౌన్సిలర్ ఇంటి గుమ్మం మీదికి బోర్డు కావలసి వచ్చింది. రాయడానికి ఆయన వాళ్ళింటికే వెళ్ళాడు. వరండాలో రేకు ఆనించి ఒళ్ళు రాశాడు, ఆరబెట్టాడు. తలకట్లు పెట్టబోతూ కుంచె దించాడు.

"తమ్ముడూ, నీకొకటి చెప్పాలి. మిల్లు గోడ రాసిన రోజు నేను చదువుకోలేదు. రాశాక రోడ్డు దాటి చదువుకుంటాను. ఆ రోజు దాటలేదు."

పంపులాయన పంపు వాషరు ఒకటి తుడుచుకుంటున్నాడు. "చదవకపోతే ఏమైందన్నయ్యా? నేను పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్క బోర్డూ చదవలేదు" అని నవ్వి, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టే వరండాలో ఉండిపోయింది. తీసుకునేవాళ్ళు లేరు. అప్పుడు గుమ్మంలో మరదలు కనపడింది. ఎప్పుడు వచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. పదో తరగతి చదివిన మనిషి ఆమె.

"ఎందుకు దాటలేదు?" అంది.

ఆయన కుంచె అంచును డబ్బాకు తుడిచాడు. "దాటితే వాడి గొప్ప గట్టిగా చదవాలి. అందరూ వింటారు."

ఆమె ఫరవాలేదని అనలేదు. ఆయన తలకట్లు, గుళ్ళు, కొమ్ములు పెట్టడం పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత బోర్డును తనే ఎత్తి గుమ్మానికి ఆనించింది.

"రోడ్డు దాటండి బావగారూ."

ఆయన దాటాడు. అవతలి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆయన వేలెత్తి మొదలుపెట్టాడు. తోడల్లుడి పేరు ఒక్కొక్క అక్షరమే చదివాడు. 'తొమ్మిదో వార్డు' దాకా గొంతు బాగానే వచ్చింది. 'కౌన్సిలర్' దగ్గర జీర పోయింది, వేలు గాలిలో ఆగింది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"వినపడలేదు" అంది మరదలు గుమ్మంలోంచి.

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదివాడు.